రెండు ఇళ్లు, ఒకే గట్టు: నార్త్ కరోలినా గ్రామీణ కౌంటీలో ఒక పర్మిట్ కేసు

నేను నార్త్ కరోలినాలో సివిల్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. మురుగునీటి పైపులు, నగరపాలక నీళ్లు లేని చోట భూమి కొని ఇల్లు కట్టుకోవాలనుకునేవారికి సైట్ ప్లాన్లు గీసి, కౌంటీ (మన జిల్లా వంటిది) అనుమతులు సాధించిపెట్టడం నా వృత్తి. ఈ కేసులో అధికారులు ఎవరూ మోసం చేయలేదు, కుటుంబానికి డబ్బు కొరత లేదు, పత్రాల్లో దొంగ లెక్కలూ లేవు. అయినా ఏడాదికి పైగా పని అంగుళం కదలలేదు. కారణం, అడగవలసిన ప్రశ్నల వరుస తలకిందులైంది. మనవాళ్లు చాలామంది ఇదే వరుసలో వెళుతున్నారు కాబట్టి రాస్తున్నాను. కౌంటీ పేరు చెప్పడం లేదు. మనుషులను గుర్తుపట్టే వివరాలను, కొన్ని కొలతలను మార్చాను.

భూమి, మనుషులు

దంపతులిద్దరూ రాష్ట్ర రాజధాని రాలీ చుట్టుపక్కల ఉద్యోగులు. భర్త తల్లిదండ్రులు వారితోనే ఉంటారు. ఆ పెద్దాయన కోస్తా జిల్లాలో జీవితమంతా సేద్యం చేసిన మనిషి. పట్టణ శివారు ఇంట్లో ఆయనకు ఊపిరాడదు. కొడుకు ఆలోచన అక్కడే మొదలైంది. గంట ప్రయాణంలో పీడ్‌మాంట్ ప్రాంతంలో 14.6 ఎకరాలు కొన్నారు. తమకు ఐదు పడకగదుల ఇల్లు, కాస్త ఎడంగా తల్లిదండ్రులకు రెండు పడకగదులతో 1,200 చదరపు అడుగుల విడి ఇల్లు. కోడలికీ అత్తగారికీ వేర్వేరు వంటిళ్లు ఉండాలన్నది ఇద్దరూ కలిసి తీసుకున్న నిర్ణయమని నాకు నవ్వుతూ చెప్పారు. ఆ వేరు వంటిల్లే తరువాత కథకు మూలం.

భూమి స్వరూపం తెలియకపోతే మిగతాది అర్థం కాదు. తూర్పున రోడ్డు. ఉత్తరపు సరిహద్దు పొడవునా, ఈశాన్యం నుంచి వాయువ్యం దాకా గట్టులా ఎత్తు. అక్కడి నుంచి నేల నైరుతికి దిగి ఒక చిన్న వాగులో కలుస్తుంది. మధ్యలో 11.8 ఎకరాల గడ్డి పొలం. దాన్ని ఉత్తరాన ఉన్న పొరుగు రైతు ఏళ్లుగా కోసుకుంటున్నాడు. వాస్తు తెలిసినవారు ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. ఈశాన్యం ఎత్తు, నైరుతి పల్లం, అక్కడే నీరు.

నార్త్ కరోలినాలో 100 కౌంటీలున్నాయి. అన్నిటిలోనూ కౌంటీ మొత్తానికి జోనింగ్, అంటే ఏ భూమిలో ఏం కట్టవచ్చో చెప్పే నియమాలు, లేదు. ఇక్కడ ఉంది. ఈ భూమి నివాస-వ్యవసాయ జోన్‌లో పడుతుంది. కనీస లాట్ ఒక ఎకరం, ఒక లాట్‌కు ఒక ప్రధాన గృహం. దానికి అనుబంధంగా మరో చిన్న ఇల్లు కట్టుకోవచ్చు గాని 800 చదరపు అడుగులు మించకూడదు, ప్రధాన గృహానికి 100 అడుగుల లోపే ఉండాలి.

నా దగ్గరికి వచ్చేసరికి

వారు నా ముందు మూడు కాగితాలు పరిచారు. మూడూ తిరస్కరణలే.

మొదటిది కౌంటీ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ విభాగం ఇచ్చింది. సెప్టిక్ వ్యవస్థకు, అంటే మురుగునీటిని ట్యాంకులోంచి కందకాల ద్వారా నేలలోకి ఇంకించే ఏర్పాటుకు, నేల పనికిరాదని అందులో ఉంది. వాస్తు ప్రకారం నైరుతిలో బరువు, ఈశాన్యంలో ఖాళీ ఉండాలని ఒక స్నేహితుడు గీసిచ్చిన ప్లానులో ఇల్లు గడ్డి పొలం దిగువ భాగంలో ఉంది. అధికారి వచ్చి సరిగ్గా అక్కడే మట్టి చూశాడు.

రెండోది ప్లానింగ్ విభాగం జవాబు. ఎవరో సలహా ఇచ్చారట, ‘మీది ఫారం కదా, ఫారానికి జోనింగ్ వర్తించదు’ అని. సగం నిజం. రాష్ట్ర చట్టం 160-డి అధ్యాయం ప్రకారం నిజమైన వ్యవసాయ అవసరాలకు కౌంటీ జోనింగ్ నుంచి మినహాయింపు ఉంది. ఈ భూమికి వ్యవసాయ వినియోగం కింద ఆస్తిపన్ను రాయితీ కూడా ఉంది, ఫారం అనడానికి అది ఒక సాక్ష్యం. కానీ అదే సెక్షన్ ఫారం భూమిలో వ్యవసాయేతర వినియోగానికి జోనింగ్ వర్తిస్తుందని కూడా చెబుతుంది. గడ్డి కోసేది పొరుగువాడు, ఇంట్లో ఉండేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. తల్లిదండ్రుల ఇంటిని పశువుల కొట్టం పద్దులో రాస్తే ఏ ప్లానరూ ఒప్పుకోడు, ఇతనూ ఒప్పుకోలేదు.

మూడోదే బాధాకరమైనది. 800 బదులు 1,200 చదరపు అడుగులకు, 100 అడుగుల బదులు మరింత దూరానికి సడలింపు కోరుతూ, అలాంటి సడలింపులను తేల్చే బోర్డ్ ఆఫ్ అడ్జస్ట్‌మెంట్ ముందుకు వేరియన్స్ దరఖాస్తుతో వెళ్లారు, వకీలు లేకుండా.

ఆ విచారణ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మనకు అలవాటైన పద్ధతికీ ఇక్కడి పద్ధతికీ అసలు తేడా అక్కడే బయటపడుతుంది. వేరియన్స్ విచారణ సగం కోర్టు వంటిది. సాక్షులు ప్రమాణం చేసి మాట్లాడతారు. సభ్యులు తమ ముందు ఉంచిన సాక్ష్యాన్ని బట్టే తేల్చాలి. విచారణకు ముందు దరఖాస్తుదారు సభ్యుడిని విడిగా కలిసి మాట్లాడితే ఆ సంగతి విచారణలో బయటపెట్టాలి. ఈ కుటుంబం ఏం చేసింది? ఒక సభ్యుడి దుకాణం ఎక్కడుందో కనుక్కుని, స్వీట్ల డబ్బా పట్టుకుని వెళ్లి, ‘మా అమ్మానాన్నల కోసమండీ’ అని చెప్పుకున్నారు. లంచం ఉద్దేశం ఇసుమంతైనా లేదు. మన ఊళ్లో పెద్దమనిషిని కలవకుండా పనికి వెళ్లడమే అమర్యాద. ఆ సభ్యుడు విచారణ మొదలుకాగానే జరిగింది చెప్పి తప్పుకున్నాడు. గదిలో గాలి అప్పుడే మారిపోయిందని కోడలు నాతో అన్నారు.

అయితే ఓడిపోయింది అందువల్ల కాదు. వారు చూపించిన కష్టం తల్లిదండ్రుల వయసు, ఒంటరితనం, కుటుంబం కలిసి ఉండాలన్న కోరిక. చట్టం ప్రకారం వ్యక్తిగత పరిస్థితుల వల్ల వచ్చే ఇబ్బంది వేరియన్స్‌కు ఆధారం కాదు. భూమికే ప్రత్యేకమైన ఇబ్బంది ఉండాలి. దాని ఆకారమో, ఎత్తుపల్లాలో, పరిమాణమో కారణం కావాలి. వైకల్యం ఉన్నవారి కోసం ఫెడరల్ గృహ చట్టం కింద సర్దుబాటు అడగడానికి వేరే వీలుంది, కానీ పెద్దవారిద్దరూ ఆరోగ్యంగా ఉన్నారు. స్నేహితులు, సహోద్యోగులు సంతకాలు చేసిన మద్దతు లేఖ కూడా సమర్పించారు. ఎన్ని సంతకాలున్నా అది అభిప్రాయమే, సాక్ష్యం కాదు. వేరియన్స్‌కు ఐదింట నాలుగు వంతుల ఓట్లు కావాలి. ఒక్కటీ రాలేదు.

అప్పీలుకు ఎందుకు వెళ్లలేదు

కొడుకు మొదటి ప్రశ్న అదే. తీర్పు వచ్చాక 30 రోజుల్లో సుపీరియర్ కోర్టుకు వెళ్లవచ్చు, గడువు ఇంకా మిగిలి ఉంది. అది వకీలును అడగవలసిన విషయమని చెప్పి పంపాను. ఇలాంటి విచారణల్లో ఇంకొకరి తరఫున వాదించడం ఇక్కడ వకీలు వృత్తి కిందికి వస్తుంది. ఇంజనీరు సాక్షిగా మాట్లాడవచ్చు గాని ప్రతినిధిగా నిలబడకూడదు. వకీలు చెప్పినదీ నేను అనుకున్నదీ ఒకటే. కోర్టు కొత్త సాక్ష్యం వినదు, బోర్డు ముందు నమోదైన దాన్నే చూస్తుంది. ఆ రికార్డులో మట్టి గురించి ఒక్క వాక్యం లేదు. దూరపు సడలింపు ఒక్కటే అడిగి, అందుకు నేల స్వభావాన్ని కారణంగా చూపి ఉంటే కొంత బలం ఉండేదేమో. లేని రికార్డు మీద అప్పీలు ఖర్చు దండగ.

నేను ముందుగా పట్టుకున్నది మొదటి కాగితం. సెప్టిక్ తిరస్కరణను కుటుంబం ‘మన భూమికి సెప్టిక్ రాదు’ అని చదువుకుంది. అందులో నిజానికి ఉన్నది, పరీక్షించిన ఆ చోటు పనికిరాదని. మిగతా పన్నెండు పదమూడు ఎకరాల గురించి అది ఏమీ చెప్పలేదు. ఈ రాష్ట్రంలో మురుగునీటి వ్యవస్థ నిర్మాణానికి అధికారపత్రం చేతికి రాకుండా బిల్డింగ్ పర్మిట్ ఇవ్వరు. అంటే ఇల్లు ఎక్కడ, ఎన్ని గదులతో, ఎన్ని ఇళ్లు అన్నది తేల్చేది మట్టి. జోనింగ్ అధికారి ఆ తరువాత వస్తాడు. ఆ లెక్కన వేరియన్స్ నెగ్గినా వారు పాత చోట కట్టగలిగేవారు కారు. ఓడిపోయిన విచారణ ఎటూ చేరని విచారణ కూడా.

నిజానికి ఇది కొనుగోలుకు ముందే తేలవలసింది. ఇక్కడి ఒప్పందాల్లో కొనేవారు అన్నీ పరిశీలించుకోవడానికి గడువు ఉంటుంది, అందుకు తిరిగిరాని రుసుము కూడా చెల్లిస్తారు. ఆ రుసుము చెల్లించి, ఆ గడువులో టైటిల్, సరిహద్దులు, వాస్తు చూసుకున్నారు. ‘పక్కవాళ్లకు సెప్టిక్ ఉంది కదా’ అన్న అమ్మకందారు మాటతో మట్టిని వదిలేశారు.

గుంటలో కనిపించింది

లైసెన్స్ ఉన్న సాయిల్ సైంటిస్టును పిలిచాం. చాలామంది ఇంకా ‘పెర్క్ టెస్ట్’ అంటారు, గుంటలో నీళ్లు పోసి ఎంతసేపట్లో ఇంకుతుందో చూడటం. నార్త్ కరోలినాలో ఆధారం అది కాదు. ఆగర్‌తోనో (నేలను తొలిచే పనిముట్టు) జేసీబీ గుంటతోనో మట్టి పొరలు తీసి, వాటి రంగు, నిర్మాణం, బంకతనం, తడి ఆనవాళ్లు చూసి నిర్ణయిస్తారు. 2024 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నియమాల్లోనూ మూలసూత్రం అదే.

పెద్దాయన కూడా వచ్చారు. నైరుతి వైపు గుంట తవ్వగానే సైంటిస్టు కొంచెం మట్టి తడిపి బొటనవేలు, చూపుడువేలు మధ్య రిబ్బన్‌లా నొక్కాడు. పెద్దాయన అడగకుండానే తానూ ఒక ముద్ద తీసుకుని అదే చేశారు. పైపొర మామూలుగా ఉంది, అడుగుదాటాక ముదురు పసుపు, గోధుమ కలిసిన బిగువైన బంకమన్ను. పీడ్‌మాంట్‌లో అక్కడక్కడ కనిపించే ఐర్‌డెల్ జాతి నేల ఇది. రంగు నలుపు కాదు గాని గుణం మన నల్లరేగడిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది, నీటిని కిందికి పోనివ్వదు. ‘బాబూ, ఇది నీళ్లు తాగే నేల కాదు. దీని మీద ఇల్లు కట్టినా పునాది నిలవదు’ అన్నారాయన. వాస్తు ప్లాను మీద నేను ఎంత వాదించినా రాని ఫలితం ఆ ఒక్క ముద్దతో వచ్చింది.

గట్టు మీద మాత్రం ఎర్రమట్టి. ఈశాన్యంలో పనికొచ్చే నేల సుమారు 1,700 గజాలు తేలింది. ఇక లెక్క. నియమాల ప్రకారం పడకగదికి రోజుకు 120 గ్యాలన్లు. ఐదు గదులకు 600, రెండు గదులకు 240. సైంటిస్టు ఈ నేలకు సూచించిన ఇంకుడు రేటు చదరపు అడుగుకు 0.3 గ్యాలన్. పెద్ద ఇంటికి కందకాల అడుగుభాగం మొత్తం 2,000 చదరపు అడుగులు ఉండాలి. మూడడుగుల వెడల్పు కందకాలు 667 అడుగుల పొడవు, ఒకదాని మధ్యగీత నుంచి మరోదాని మధ్యగీతకు తొమ్మిది అడుగుల ఎడంతో వేస్తే 6,000 చదరపు అడుగుల జాగా. మొదటిది చెడిపోతే వాడుకోవడానికి అంతే జాగా మరమ్మతు కోసం ఖాళీగా ఉంచాలి. మొత్తం 12,000 చదరపు అడుగులు, 1,333 గజాలు. తల్లిదండ్రుల ఇంటికి అదే పద్ధతిలో 4,800 చదరపు అడుగులు, 533 గజాలు. రెండూ కలిపితే 1,866 గజాలు దాటుతుంది. ఉన్నది 1,700.

పధ్నాలుగు ఎకరాల ఆసామికి నూట డెబ్బై గజాలు తక్కువపడటం ఎవరికైనా వింతగానే ఉంటుంది.

సాగని దారులు

కొడుకు అడిగిన మొదటి మాట, ‘ఒక పడకగదిని ఆఫీసు అని రాస్తే?’ రోజుకు 120 గ్యాలన్లు తగ్గుతాయి, అంకెలు సరిపోతాయి. నేను ఒప్పుకోలేదు. నీతి సంగతి అలా ఉంచితే, తలుపు, కిటికీ, అల్మారా ఉన్న గదిని ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ వారు పడకగదిగానే లెక్కపెట్టవచ్చు. వారు వదిలేసినా, అమ్మేటప్పుడు పర్మిట్‌లో ఉన్న గదుల సంఖ్యే చెల్లుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, పండక్కి చుట్టాలు దిగితే ఆ గదిలోనూ నలుగురు పడుకుంటారు. కందకానికి కాగితం మీది పేర్లు తెలియవు.

తరువాత నేను ప్రయత్నించింది ఉత్తరపు పొరుగు రైతు దగ్గర గట్టు అవతల కొంత జాగాకు ఈజ్‌మెంట్, అంటే వాడుకునే హక్కు, అడగడం. శాశ్వత హక్కు రాయించుకుని రిజిస్టర్ చేస్తే డ్రెయిన్ ఫీల్డ్ (ఆ కందకాలు వేసే జాగా) పక్క భూమిలోనూ పెట్టవచ్చు. ఆయన మర్యాదగానే కుదరదన్నాడు. ఎందుకో కాసేపటికి తెలిసింది. వేరియన్స్ విచారణ నోటీసు పొరుగు యజమానులకు తపాలాలో వెళుతుంది. తన పక్కన రెండు ఇళ్లు రాబోతున్నాయని ఆయనకు తెలిసింది ఆ ఉత్తరంతోనే. అంతకుముందు ఈ కుటుంబం ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. గడ్డి పొలం పోతుందని, రేపు కాలనీ వేస్తారని ఆయన భయం. బోర్డు సభ్యుడికి స్వీట్లు ఇచ్చారు, పొరుగువాడికి నోటీసు పంపించారు. విడిగా మాట్లాడితే విచారణలో బయటపెట్టవలసిన మనిషితో మాట్లాడి, మాట్లాడటానికి ఏ అడ్డూ లేని మనిషిని వదిలేశారు. ప్లానింగ్ ఉద్యోగుల విషయమూ అంతే. దరఖాస్తుకు ముందే అపాయింట్‌మెంట్ తీసుకుని ఎన్ని ప్రశ్నలైనా అడగవచ్చు, వారు ఓపికగానే చెబుతారు. మనవాళ్లు వారిని గుమాస్తాలనుకుని ‘పైవాడు’ ఎవరా అని వెతుకుతారు.

పెద్దాయన ఒక మధ్యాహ్నం తనంతట తానే పొరుగు రైతు దగ్గరికి వెళ్లారు, మనవడిని దుబాసీగా తీసుకుని. ఈజ్‌మెంట్ ఊసెత్తలేదు. గడ్డి, ఎరువు, వానల గురించి మాట్లాడుకున్నారట. మాటల్లో ఆ రైతు చెప్పాడు, చాలా కాలం కింద వాయువ్య మూలన చెట్ల దగ్గర ఒక పాత ఇల్లు ఉండేదని, పొగగొట్టం రాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయని. పర్మిట్లు లేని కాలంలో కట్టుకున్నవారు నీరు నిలవని చోటు చూసుకునే కట్టుకుని ఉంటారు. సైంటిస్టును మళ్లీ పిలిపించాను. అక్కడ దాదాపు 900 గజాల ఎర్రమట్టి తేలింది. దానితో పాటు ఆకులు కప్పేసిన చేదబావి కూడా. డ్రెయిన్ ఫీల్డ్‌కు, బావికి మధ్య నిర్ణీత దూరం ఉండాలి, వాడకంలో లేని బావి అయినా సరే. దాన్ని నిబంధనల ప్రకారం శాశ్వతంగా పూడ్పించాక ఆ అడ్డు తొలగింది.

పనిచేసిన దారి

ఇప్పుడు మట్టి చెబుతున్నది స్పష్టం. పెద్ద ఇల్లు ఈశాన్యంలో, చిన్న ఇల్లు వాయువ్యంలో. కానీ జోనింగ్ లెక్కలో వాయువ్యంలోని ఇల్లు 100 అడుగుల పరిధికి చాలా దూరం. మా ముందు మూడు దారులున్నాయి.

ఒకటి, రాష్ట్ర చట్టం అనుమతించే తాత్కాలిక ఆరోగ్య సంరక్షణ గృహం. అది 300 చదరపు అడుగులు మించకూడదు, రోజువారీ పనులకు సాయం కావలసిన వ్యక్తి కోసమే. రోజూ అయిదు మైళ్లు నడిచే పెద్దాయనకు ఆ మాట చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. రెండు, 800 చదరపు అడుగుల అనుబంధ గృహాన్ని పెద్దింటి పక్కనే కట్టి, మురుగునీటిని పంపుతో వాయువ్యం దాకా తోయడం. సాంకేతికంగా సాధ్యమే. అన్నీ విఫలమైతే ఉంటుందని దాన్ని పక్కన పెట్టుకున్నాను. మూడు, భూమిని రెండు లాట్లుగా విడదీయడం.

మూడో దారి వినగానే ‘సబ్‌డివిజనా! దానికి రోడ్లు, బోర్డులు, ఏళ్లు పడతాయి కదా’ అన్నాడు కొడుకు. మామూలుగా అయితే నిజమే. కానీ 160-డి అధ్యాయంలో ఒక ఉపనిబంధన ఉంది. ఒకే యాజమాన్యంలో ఐదెకరాలకు మించిన భూమిని మూడు లాట్లకు మించకుండా విడదీస్తే, లాట్లు జోనింగ్ కొలతలకు సరిపోతే, ప్రతి లాట్‌కూ శాశ్వతమైన దారి రిజిస్టర్ అయి ఉంటే, అంతకుముందు పదేళ్లలో ఆ భూమి ఇదే నిబంధన కింద విడిపోయి ఉండకపోతే, స్థానిక ప్రభుత్వం సర్వే పటం తప్ప ఇంకేమీ కోరకూడదు. విచారణ లేదు, ఓట్లు లేవు, పొరుగువారికి ఉత్తరాలు లేవు. రెండో లాట్‌లో తల్లిదండ్రుల ఇల్లు ప్రధాన గృహమే అవుతుంది. 800 చదరపు అడుగుల పరిమితీ, 100 అడుగుల పరిమితీ దానికి వర్తించనే వర్తించవు. నియమాన్ని సడలించమని అడగడం కన్నా, ఆ నియమం తగలని చోట నిలబడటం తేలిక.

పన్ను లెక్క ఇంకా మిగిలింది. వ్యవసాయ భూమిగా ఆస్తిపన్ను రాయితీ నిలవాలంటే కనీసం 10 ఎకరాలు సాగులో ఉండాలి. అది పోతే ఆ ఏడాదితో పాటు అంతకుముందు మూడేళ్లకు వాయిదాపడిన పన్ను వడ్డీతో కట్టాలి. గడ్డి పొలం 11.8 ఎకరాలు. సర్వేయరు మొదట రెండో లాట్‌ను చక్కని దీర్ఘచతురస్రంగా గీశాడు. చూడటానికి బాగుంది గాని పొలంలోంచి రెండు ఎకరాలకు పైగా కోసేస్తోంది. గీతను చెట్ల వైపు వంచి గీయించాను. లాట్ 1.8 ఎకరాలు, అందులో పొలం 1.2. ఈశాన్యంలో పెద్దింటి డ్రెయిన్ ఫీల్డ్ అంచు మరో 0.3 తీసుకుంది. డ్రెయిన్ ఫీల్డ్ మీద ట్రాక్టరు నడపకూడదు కాబట్టి అది సాగు లెక్కలోంచి పోయినట్టే. మిగిలింది 10.3. విడిపోయిన భాగానికి మాత్రం పాత పన్ను కట్టారు, అది పెద్ద మొత్తం కాదు.

వరుస విషయంలో నేను పట్టుబట్టింది ఒక్కటే. రెండు చోట్లకూ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ ఇచ్చే ఇంప్రూవ్‌మెంట్ పర్మిట్లు (ఆ చోట సెప్టిక్ పెట్టవచ్చని ఒప్పుకునేవి) చేతికి వచ్చేదాకా సర్వే పటం రిజిస్టర్ చేయవద్దని. పటం ముందే రిజిస్టర్ చేసి, ఆ తరువాత వాయువ్యంలో పర్మిట్ రాకపోతే, ఇల్లు కట్టలేని లాట్ ఒకటి చేతిలో మిగులుతుంది, పదేళ్లకు ఒకసారి వచ్చే వీలు కూడా ఖర్చైపోతుంది. కొడుకుకు తొందర. పటం సిద్ధంగా బల్ల మీద పెట్టుకుని పర్మిట్ కోసం ఎదురుచూడటం అతనికి కష్టమైంది. రెండు పర్మిట్లూ వచ్చాకే రిజిస్టర్ ఆఫ్ డీడ్స్ కార్యాలయానికి వెళ్లాం. రెండో లాట్‌కు దారి హక్కును అదే పటంలో చూపించి విడిగా పత్రం కూడా రాయించాం. ఇప్పుడు నడిచేది కన్నకొడుకు వాకిట్లోంచే కదా, పత్రం ఎందుకని తల్లిగారు నొచ్చుకున్నారు. ఆ మాటకు పెద్దాయనే సర్దిచెప్పారు. ఊళ్లో అన్నదమ్ముల మధ్య బండిబాట తగాదాలు ఆయన చూడనివి కావు.

ఈశాన్యంలో సెప్టిక్

ఇదొక్కటే నా చదువు పనికిరాని చోటు. పెద్దింటి డ్రెయిన్ ఫీల్డ్ ఈశాన్యంలో తప్ప పట్టదు. ఈశాన్యంలో మురుగు అంటే పెద్దాయన ఇంట్లో అడుగుపెట్టనన్నారు. నమ్మకాల మీద ఇంజనీర్లు విసుక్కోవడం నాకు నచ్చదు. అందులో ఉండేది వారు. ఇరవై ఏళ్లు మనసులో ముల్లుగా ఉండే ఇల్లు నియమాలన్నీ పాటించినా మంచి ప్లాను కాదు.

పరిష్కారం ఆయనే చెప్పారు. ఊళ్లో పొలమంతటికీ వాస్తు చూడరు, ప్రహరీ లోపలే చూస్తారని. ఇంటి చుట్టూ కంచె కట్టి దాన్ని ఇంటి స్థలంగా నిర్ణయిస్తే, డ్రెయిన్ ఫీల్డ్ ఆ కంచెకు ఉత్తరాన, బయట, పొలంలో పడుతుంది. ఊళ్లోని సిద్ధాంతిగారికి ఫోను చేసి పటం పంపితే ఆయనా సరేనన్నారు. ఒక్క మెలిక మిగిలింది. కంచె లోపల ఈశాన్యంలో బోరు వేయాలనుకున్నారు, అక్కడికీ డ్రెయిన్ ఫీల్డ్‌కూ కావలసినంత దూరం లేదు. బోరును తూర్పు వైపు, రోడ్డు దిశగా జరిపాం. ఇల్లు గట్టు అంచున, రాతిపొర పైకి వచ్చిన చోట నిలిచింది. డ్రెయిన్ ఫీల్డ్‌కు పనికిరాని ఆ చోటు పునాదికి బ్రహ్మాండం. నేలనంతా ఒకే ప్రశ్న అడగకూడదని కొత్త ఇంజనీర్లకు చెబుతుంటాను. నీరు ఇంకే చోటు, బరువు మోసే చోటు, దారి వేసే చోటు వేరువేరు.

అక్కడి నుంచి మిగిలినవి మామూలు పనులు. నిర్మాణ అధికారపత్రాలు, రోడ్డు రాష్ట్ర రవాణా శాఖది కాబట్టి వాకిలి అనుమతి, వాగు వైపు వరద మ్యాపు పరిశీలన, జోనింగ్ పర్మిట్, ఆపైన బిల్డింగ్ పర్మిట్. జోనింగ్ పర్మిట్ ఏ ప్రశ్నా లేకుండా వచ్చింది. ఏడాది కిందట ‘ఫారం’ వాదనను తిప్పి పంపిన కార్యాలయమే అది.

పొరుగు రైతు ఇప్పటికీ గడ్డి కోసుకుంటున్నాడు. పెద్దాయన రెండో లాట్‌లో వంగ, బెండ, గోంగూర వేస్తున్నారు, డ్రెయిన్ ఫీల్డ్‌కు దూరంగానే.

ఈ మధ్య కొడుకు ఫోను చేశాడు. చట్టం మూడు లాట్లదాకా ఒప్పుకుంటుంది కదా, మనం రెండే చేశాం, మూడోది తమ్ముడి కోసం తీయవచ్చా అని. పదేళ్లలోపు ఆ నిబంధన కింద వీలు లేదని, మామూలు సబ్‌డివిజన్ దారి ఎప్పుడూ ఉంటుందని చెప్పాను. సాగు విస్తీర్ణం 10 ఎకరాల కిందికి దిగితే పన్ను రాయితీ మొత్తం పోతుందని కూడా గుర్తుచేశాను. తమ్ముడికి వేరే భూమి చూస్తున్నారు. ఈసారి ఒప్పందంలోని పరిశీలన గడువు మొదలైన వారంలోనే సాయిల్ సైంటిస్టుకు ఫోను చేశారట.